ఇంజిన్ సెలూన్‌లో ఉంది

ఐన్ సఫ్సాఫ్
21 సెప్టెంబరు 2021, మంగళవారం

వార్దా అక్కకి,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. రెండుసార్లు కాగితం తీశాను, రెండుసార్లూ దాంతో కత్తి మీది నురగ తుడిచి పారేశాను. ఇది మూడో కాగితం. కొండమీది ఫోను టవరుకు డీజిల్ లేక నెల దాటింది, కాబట్టి నీతో పోట్లాడాలన్నా ఇదే దిక్కు. రొట్టెల బండి అబూ తోమా మంగళవారం, శుక్రవారం పైకి వస్తాడు. మీ ఊరు మీనాకి తిరిగి వెళ్ళేటప్పుడు ఖాళీ పళ్ళాల మధ్య పెట్టి తెస్తానన్నాడు. నువ్వులు అంటుకుని ఉంటే దులుపుకుని చదువు.

ముందు మర్యాద. నువ్వు పంపిన కంబళి చేరింది. ఎండు అంజూరం జాడీ చేరింది. నీ కొడుకు బుత్రుస్ చేరాడు. వాడి వ్యానులో మూడు బ్యాటరీ పెట్టెలూ చేరాయి. ఒక్కోదాన్ని ఇద్దరం పట్టి దించాం. ఆ ఇద్దరిలో ఒకడిని నేను కాబట్టి, ఒక్కడే దించాడని రాసుకో.

ఇక అసలు సంగతి. నా డయాలసిస్ గొడవ నీకు తెలిసిందే. సోమ, బుధ, శుక్రవారాలు పదిహేను కిలోమీటర్లు కొండ దిగి, మీ ఊరికి సగం దారిలో ఉన్న ఆసుపత్రిలో నాలుగు గంటలు ఆ యంత్రానికి తగిలించుకుని రావాలి. కారు నడిపేది నీ మరదలు అఫాఫ్. నాకు కత్తెర తప్ప ఏదీ నడపడం చేతకాదు. మొన్నామధ్య పెట్రోలు కోసం తొమ్మిది గంటలు వరసలో నిలబడింది. తీరా తన వంతు వచ్చేసరికి అయిపోయిందని గొట్టం తగిలించేశారు. ఆ సోమవారం నా యంత్రం తప్పింది. మర్నాటికి నా పాదాలు పులిసిన పిండిముద్దల్లా ఉన్నాయి, వేలు పెట్టి నొక్కితే గుంట అలాగే నిలిచింది. అఫాఫ్ ఇదంతా అబూ తోమా చేత నీకు చెప్పించిందని తెలుసు. అందుకే బుత్రుస్‌ని పంపావనీ తెలుసు.

కానీ అక్కా, ఒక్క మాట ముందు చెప్పకూడదా? వాడు శనివారం పొద్దున వచ్చాడు. "మామయ్యా, అమ్మ పంపింది" అన్నాడు. కాఫీ తాగాడు. చొక్కా విప్పాడు. నేను ఇద్దరికి క్రాఫులు చేసి భోజనానికి పిలుద్దామని వెళ్తే, మా ఎర్ర రెనో బానెట్ ఎత్తి ఉంది, అందులోంచి కింద నేల కనిపిస్తోంది.

"ఇదేమిట్రా?"

"పెట్రోలుతో పని లేకుండా చేస్తున్నా మామయ్యా. కరెంటు కారు. ఓడరేవులో మూల పడేసిన ఫోర్క్‌లిఫ్టు మోటారు ఒకటి తెచ్చా. నాలుగు రోజుల పని."

"కరెంటా? రోజుకి గంటసేపు చుట్టంచూపుగా వచ్చి పోతుందే, ఆ కరెంటా?"

"సెలూన్ కప్పు మీద బోలెడు ఎండ ఉందిగా."

ఎండ ఉంది. అది నేను కాదనలేదు. అక్క పంపిన దాన్ని వద్దన్నవాడు మన వంశంలో లేడు. "నీ చేతులు చల్లగా ఉండాలి నాయనా" అన్నాను. లోపల మాత్రం, కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందే అనుకున్నాను.

ఇంజిన్‌ని బయట పడేద్దామంటే కారు కాగితాల్లో దాని నంబరు ఉంది. ఎవరైనా అడిగితే చూపించాలి. అందుకని ఇంజిన్ సెలూన్‌లో ఉంది, రెండో కుర్చీ పక్కన, అద్దం ఎదురుగా. నిన్న బడిపంతులు గడ్డానికి వచ్చి, దాన్ని చూసి, "ఈయన తర్వాతేనా నేను?" అని వరసలో కూర్చున్నాడు.

నాకు పని నేర్పిన ముసలాయన ఆ రోజుల్లో పళ్ళు కూడా పీకేవాడు. చెయ్యి అలవాటు కావడానికి ముందు నొప్పి లేని పన్ను ఒకటి పీకి చూసుకునేవాడు. నీ కొడుకుని చూస్తుంటే ఆయనే కళ్ళముందు మెదులుతున్నాడు.

కోపం లేదు. ఉంది గానీ నీ మీద కాదు. నీ మీదే గానీ, తర్వాత చెప్తాను.

నీ తమ్ముడు
మిత్రీ


మీనా
24 సెప్టెంబరు, శుక్రవారం

ఒరేయ్ మిత్రీ,

చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఇంజిన్ తీశాడా! ఎవరు తీయమన్నారురా?

నేను వాడిని పంపింది కారు విప్పడానికి కాదు, నిన్ను మూటగట్టి తీసుకురావడానికి. "మామయ్యని, అత్తయ్యని, వాళ్ళ మందుల్ని వ్యానులో ఎక్కించుకుని రా" అన్నాను. మా ఇంటి నుంచి మా ఊరి ఆసుపత్రికి నడిచి వెళ్తే పది నిమిషాలు. కొండ లేదు, పెట్రోలు లేదు, వరస లేదు. సోఫా మీద పక్క కూడా వేసి ఉంచాను. మూడో రోజున వీడు కబురు పంపాడు: "మామయ్య దిగడు, ఇక్కడే ఏర్పాటు చేస్తున్నాం." మొండివాడు మా తమ్ముడు, తనే ఏదో అడిగి ఉంటాడు, చేయించుకోనీ అని ఊరుకున్నాను. ఇప్పుడు చూస్తే నువ్వు నన్ను అంటున్నావు!

అంటే నేను కోరాననుకుని నువ్వు ఒప్పుకున్నావు, నువ్వు కోరావనుకుని నేను ఒప్పుకున్నాను. కోరినవాడు మధ్యలో చొక్కా విప్పుకుని తిరుగుతున్నాడు. వాడి నాన్న కూడా ఇంతే. నేను కిటికీ బాగు చేయమంటే గోడ తీశాడు.

పోనీ ఆ కారు గొడవ మీ మగాళ్ళది. దానికి ఆ ఫోర్క్‌లిఫ్టు తాలూకు బ్యాటరీలేవో తగిలిస్తాడు కాబోలు. నాకు కావలసింది ఒకటే. నేను పంపిన మూడు పెట్టెలూ నీ ఫ్రిజ్‌కే వాడండి. అవి మా ఇంటి సోలార్ పెట్టెలు, ఒకవేళ నువ్వు దిగనంటే ఉంటాయని వ్యానులో పెట్టించాను. నీకు రక్తం పట్టడానికిచ్చే సూదిమందు చల్లగా ఉండాలట, పక్కింటి నర్సు చెప్పింది. రోజంతా ఫ్రిజ్ ఆడుతోందా? రాయి.

అంజూరం తిను. నన్ను పూడ్చిపెట్టేవాడివి నువ్వే కావాలి, నువ్వు ముందు వెళ్తానంటే ఊరుకోను.

వార్దా


ఐన్ సఫ్సాఫ్
28 సెప్టెంబరు, మంగళవారం

అక్కా,

సెలూన్లో నలుగురు వేచి ఉన్నారు, అందుకని పొట్టిగా. మూడు పెట్టెలూ క్షేమం. చాలా పనికొస్తున్నాయి. దిగి రావడం గురించి మళ్ళీ ఎత్తకు. మీనాలో పదిహేనుమంది క్షౌరకులున్నారు, ఇక్కడ నేనొక్కడినే. ఇక్కడ నేను మిత్రీని. అక్కడ నీ సోఫా మీద రోగిని.

మిత్రీ


మీనా
15 అక్టోబరు, శుక్రవారం

మిత్రీ,

నాలుగు రోజుల పనికి వెళ్ళిన నా కొడుకు నాలుగో వారం కూడా అక్కడే ఉన్నాడు. వాడికి అక్కడ పిల్ల ఎవరైనా దొరికిందా, ఉంటే దాచకుండా చెప్పు. ఫ్రిజ్ గురించి అడిగిన దానికి నువ్వు జవాబు రాయలేదు. "పనికొస్తున్నాయి" అంటే ఏమిటి? చెప్పులు కూడా పనికొస్తాయి.

నేను బ్రహ్మాండంగా ఉన్నాను. నాకు ఒక పెట్టె మిగిలింది, ముసలిదానికి అది ఎక్కువే. స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను, కుట్టుమిషన్ చేత్తో తిప్పుతుంటే భుజాలకి వ్యాయామం.

అబూ తోమా నువ్వు చిక్కిపోయావన్నాడు. ఇంకో జాడీ అంజూరం పంపుతున్నా. మొత్తం తిను.

వార్దా


ఐన్ సఫ్సాఫ్
2 నవంబరు, మంగళవారం

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. చేతిలో వేడి కాఫీ ఉంటే కింద పెట్టు.

ముందు నేను అడుగుతాను. పొద్దున అబూ తోమా నోరు జారాడు. నువ్వు మూడంతస్తులు బకెట్లతో నీళ్ళు మోస్తున్నావట. నీళ్ళ మోటారు నడవడం లేదట. ఒక్క పెట్టె మోటారుకి సరిపోదని నాకు ఎందుకు రాయలేదు? అరవై తొమ్మిదేళ్ళ మనిషివి. "బ్రహ్మాండంగా ఉన్నాను" అట!

ఇప్పుడు నువ్వు అడుగు. నీ మూడు పెట్టెలూ నా ఫ్రిజ్ కింద లేవు. కారులో ఉన్నాయి. ఫోర్క్‌లిఫ్టు బ్యాటరీలు సీసంతో చేసిన శవపేటికలు, వాటిని ఎక్కిస్తే కారు కదలదని బుత్రుస్ మొదటి రోజే తేల్చాడు. ఫ్రిజ్ సంగతి నువ్వు రాసేవరకూ నాకు తెలియదు. తెలిశాక రాయడానికి ధైర్యం చాలలేదు. ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నా సూదిమందు ఆసుపత్రి వాళ్ళ దగ్గరే ఉంటుంది. మా ఇంట్లో అది ఎప్పుడూ లేదు. అంజూరం కూడా నాకు పనికిరాదు. గుండె ఆగుతుందని డాక్టరు భయపెట్టాడు. నువ్వు పంపినదంతా ఆసుపత్రి గేటు కావలివాడు షుక్రీ తిన్నాడు. వాడు మాత్రం ఒళ్ళు చేశాడు.

ఇప్పుడు కారు. కదిలింది, అది మాత్రం ఒప్పుకోవాలి. బుత్రుస్ లెక్కలన్నీ నా అద్దం మీద గడ్డం సబ్బుతో రాశాడు. చెరపడానికి వీల్లేదన్నాడు. అప్పటినుంచి జనం లెక్కల సందుల్లోంచే మొహాలు చూసుకుంటున్నారు. మొదటి పది రోజులు నన్ను వాడి వ్యానులోనే ఆసుపత్రికి తిప్పాడు, దాంతో అందులో పెట్రోలు కూడా అయిపోయింది. ఆ లెక్క సారాంశం ఇది. కొండ దిగడానికి ఖర్చు లేదు. దిగేటప్పుడు మోటారు వెనక్కి పట్టి లాగుతుంది, ఆ లాగుడులోంచి కరెంటు పుట్టి మళ్ళీ పెట్టెల్లోకి పోతుంది. ఎక్కడానికి మాత్రం మూడు పెట్టెల్లో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది.

మొదటి బుధవారం. అఫాఫ్ ఆరింటికే లేచి, తలకి రుమాలు కట్టి, "పెట్టెలు అంచుదాకా నిండాయా?" అని అడిగింది. నిండాయి. ఇంకా పట్టవు. బయలుదేరాం. శబ్దం లేదు. గేటు దగ్గర కోడి లేవనుకూడా లేదు, నేను దిగి పక్కన పెట్టాల్సి వచ్చింది.

రెండో మలుపులో కారు ఒక్కసారి పట్టు వదిలేసింది. ఎందుకో నీకు తెలుసా? నాకు తెలియదు, అఫాఫ్‌కి తెలియదు, తెలియాల్సినవాడు సెలూన్లో నిద్రపోతున్నాడు. పెట్టెలు నిండుగా ఉంటే ఇక కరెంటు తీసుకోవు, మూతి ముడుచుకుంటాయి. అప్పుడు మోటారు లాగడం మానేస్తుంది. ఇంక కొండకీ మనకీ మధ్య ఉన్నది బ్రేకు ఒక్కటే. ఆరు కిలోమీటర్లు అఫాఫ్ దాని మీద నిలబడింది. కూర్చోలేదు అక్కా, నిలబడింది. మార్ ఎలియాస్ మొదలుకుని తనకు తెలిసిన దేవుళ్ళందరినీ, మధ్యమధ్యలో బుత్రుస్‌ని తలుచుకుంది. వాడిని తలిచిన మాటలు వేరు.

సైనికుల చెక్‌పోస్టు దగ్గర ఆగేసరికి ముందు చక్రాల నుంచి మాంసం మాడిన వాసన, పొగ.

"పెద్దమ్మా, ఇంజిన్ కాలుతోంది, దిగండి!" అన్నాడు సైనికుడు.

"ఇంజిన్ కాదు నాయనా, బ్రేకులు. ఇంజిన్ సెలూన్‌లో ఉంది."

"ఎక్కడ?"

"రెండో కుర్చీ పక్కన."

అతను కిటికీలోంచి నా వైపు వంగాడు. "తాతా, ఈవిడకి బాగానే ఉందా?"

"నలభై ఏళ్ళుగా నేనూ అదే చూస్తున్నాను బాబూ, ఇంకా తేలలేదు."

కాగితాలు చూశాడు. బానెట్ ఎత్తించాడు. లోపల ఒక డ్రమ్మంత మోటారు, నీ పెట్టె ఒకటి, బుత్రుస్ మర్చిపోయిన కాఫీ కప్పు. ఇంకో ఇద్దరిని పిలిచి చూపించాడు. అందులో ఒకడు, "మా నాన్న కారుకి చేస్తారా?" అని అడిగాడు. అఫాఫ్ వాడిని చూసిన చూపుకి వాడు సలాం కొట్టాడు.

ఆసుపత్రి దగ్గర రెండో కథ. ఎక్కడానికి సరిపడా ఉందో లేదో అన్న భయంతో అఫాఫ్ కారులోంచి తీగ తీసి గోడకి తగిలించబోయింది. షుక్రీ పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్ అమ్మా, ఆ తీగేమిటి?"

"కారుకి."

"కారుకి తీగేమిటి?"

"లోపల మా ఆయన్ని నాలుగు గంటలు తగిలిస్తారు కదా, బయట దీన్ని తగిలిస్తున్నా. ఇద్దరికీ సొంతంగా పని చేసే భాగం తీసేశారు."

"ఆయనకి డాక్టరు చీటీ ఉంది. దీనికేదీ చీటీ?"

అఫాఫ్ సరాసరి డయాలసిస్ వార్డుకి వచ్చి, రీమా అని ఒక నర్సు ఉంది, ఆ పిల్లతో మొర పెట్టుకుంది. ఆసుపత్రి కప్పు మీద కూడా సోలార్ ఉంది, మధ్యాహ్నం పూట కొంత మిగులుతుందట. కింద మోటార్లు చూసే ఆయన్ని అడిగి సరేననిపించి, ఆ పిల్ల నవ్వుకుంటూ చీటీ మీద రాసింది: "పేరు: రెనో. వయసు: నలభై నాలుగు. నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు." కింద ముద్ర కూడా కొట్టింది. షుక్రీ దాన్ని రెండువైపులా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నెలకోసారి కొత్తది తేవాలి" అన్నాడు. వాడు నవ్వలేదు. అప్పటినుంచి ప్రతి సోమవారం వాడి గడ్డం నేనే గీస్తున్నాను. మధ్యాహ్నం ఎండ కోసం నా వంతు కూడా పొద్దుటి నుంచి పన్నెండింటికి మార్చుకున్నాను.

ఎక్కేటప్పుడు రెండో గేరులో, మనిషి పరుగెత్తేంత వేగంతో వచ్చాం. ఒక మేకలాయన పలకరించాడు. అడ్డదారిన పడి వచ్చి మూడు మలుపుల తర్వాత మళ్ళీ పలకరించాడు. కానీ చేరాం. ఇప్పుడు అఫాఫ్ సూత్రం కనిపెట్టింది, నిండు కడుపుతో కొండ దిగకూడదని. పెట్టెల్లో పావు భాగం ఖాళీ ఉంచుకుని బయలుదేరుతుంది.

నెల రోజులుగా ఒక్క వంతు తప్పలేదు. నీ పెట్టెల వల్ల. నీ నీళ్ళ మోటారు ఆపి. ఇది తెలిసి నాకు అన్నం సహించడం లేదు. తియ్యమంటే తీసి పంపేస్తాను. ఒక్క మాట రాయి.

మిత్రీ


మీనా
5 నవంబరు, శుక్రవారం

మిత్రీ,

నేను చీకట్లో కూర్చుని, "పోనీలే, తమ్ముడి మందు చల్లగా ఉంది" అనుకుంటూ ఒక నెల పైన దీపం తగ్గించుకున్నాను. ఆ చల్లటి మందు రోడ్డు మీద మేకలతో పందెం వేస్తోందన్నమాట!

అబద్ధం ఆడావని నాకు బాధ లేదు, చిన్నప్పటినుంచీ అంతే. "పనికొస్తున్నాయి" అని తప్పించుకున్నావు చూడు, అదే ఒళ్ళు మండింది. షుక్రీ ఎవరో నాకు తెలియదు గానీ నా అంజూరానికి వాడు ఒక థాంక్సు కూడా చెప్పలేదు.

తియ్యమంటే తీస్తాడట! తీస్తే సోమవారం ఎలా వెళ్తావు, ఇంజిన్‌ని భుజాన వేసుకునా? నోరు మూసుకుని ఉంచుకో. మోయడం నాకు అలవాటే, నిన్ను మోసి పెంచినదాన్ని.

బుత్రుస్‌తో చెప్పు, ఇంటికి వస్తే తలుపు తీయనని. తర్వాత కంబళి తెచ్చుకోమను, చలి మొదలైంది.

ముద్దుమాటలేమీ లేవు.

వార్దా


ఐన్ సఫ్సాఫ్
11 జనవరి 2022, మంగళవారం

అక్కా,

సూర్యుడు శుక్రవారం నుంచి సెలవు పెట్టాడు.

ఈ పని మొదలెట్టినవాళ్ళెవరూ చెప్పని విషయాలు రెండున్నాయి. ఒకటి, ఇంజిన్ తీసేస్తే దాంతో పాటు వేడి కూడా పోతుంది. ఇదివరకు కాళ్ళ దగ్గర వెచ్చగా ఉండేది. యంత్రం మీది నుంచి లేచాక నాకు ఎముకల్లో చలి. అలాంటి నన్ను తెచ్చి ఒక రేకు డబ్బాలో కూర్చోబెడతారు. అద్దానికి ఆవిరి పట్టేస్తే నేను తువ్వాలుతో తుడుస్తూ ఉండాలి, అఫాఫ్ తుడిచినంత మేర దారి చూస్తుంది. రెండోది, మంచు కురిసినప్పుడు సోలార్ పలకలు ఉత్త పలకలే. అఫాఫ్ రోజూ నిచ్చెనెక్కి చీపురుతో ఊడుస్తోంది. ఊడ్చినా పైన మబ్బే. పెట్టెల్లో పావు వంతు మిగిలింది.

ఆ పావు వంతుతో దిగొచ్చు. ఎక్కాలంటే ఆసుపత్రి తీగ కావాలి. అంబులెన్సు నడిపేవాడు ఆదివారం పైకి వచ్చి చెప్పాడు, గాలివాన పోయేదాకా జనరేటరు కరెంటు వార్డులకి మాత్రమేనని. న్యాయమే. లోపల నాలాంటివాళ్ళే ఉన్నారు.

నిన్న సోమవారం వెళ్ళలేదు.

"దిగుదాం, ఎక్కలేకపోతే అక్కడే ఉందాం" అంది అఫాఫ్. "ఎక్కడ, షుక్రీ గదిలోనా?" అన్నాను. "నీ పొగరు తగలెయ్య, నువ్వు పోతే నేను ఈ మోటారుతో కాపురం చెయ్యాలా?" అంది. నేను కుర్చీలోంచి లేవలేదు. తప్పు నాదే. ఈ పూట చెప్పులు పట్టలేదు, అఫాఫ్ బూట్లు కత్తిరించి తొడిగింది. మెట్లెక్కితే ఆయాసం. అఫాఫ్ నాతో మాట్లాడటం లేదు. బుత్రుస్ అద్దం మీది లెక్కలు తనే తుడిచేసి, సెలూన్లో మూల కూర్చున్నాడు. "మామయ్యా, ఇంకొక్క పెట్టె ఉంటే తీగ అక్కర్లేకపోయేది. నేనే లెక్క తప్పాను" అన్నాడు. తిడదామనుకున్న మాటలన్నీ వాడే అనేసుకున్నాడు. అదొక నష్టం.

రేపు బుధవారం దిగుతాం. ఎక్కే సంగతి తర్వాత.

మిత్రీ


మీనా
14 జనవరి, శుక్రవారం

ఒరేయ్ మిత్రీ,

రొట్టెల కింద చూడు. నాలుగో పెట్టె ఉంది. నిండుగా ఉంది, మొన్న ఇక్కడ ఎండ కాసింది. కింది అంతస్తు కుర్రాళ్ళు ముగ్గురు దించారు, అబూ తోమా గొణిగాడు. వాడి గొణుగుడు నువ్వు పట్టించుకోకు.

ఇది ఎందుకు పంపావని నాకు ఉపన్యాసం రాస్తే చింపేస్తాను. నేను ఎదురింటి నజీరా ఇంట్లోనే ఆవిడతో కలిసి ఉంటున్నాను. వీధి జనరేటరుకి ఆవిడ కట్టే చందాతో ఒక దీపం, ఒక రేడియో నడుస్తాయి. ఇద్దరు విధవలకి అంతకంటే ఎందుకు? పేకాటలో మోసం చేస్తుంది, అదొక్కటే కష్టం. నీళ్ళు ఆవిడ మనవళ్ళు మోస్తున్నారు.

ఇంకొకటి. నిన్ను దిగి రమ్మని ఇక అడగను. నువ్వు చెప్పింది ఒప్పుకుని కాదు. నవంబరులో బకెట్ మోస్తూ రెండో అంతస్తులో కూలబడ్డాను. అప్పుడు తట్టింది, మా లిఫ్టు ఆగి రెండేళ్ళయింది. యంత్రం మీది నుంచి లేచి వచ్చినవాడిని నేను మూడంతస్తులు ఎలా ఎక్కిద్దామనుకున్నాను? బుత్రుస్ ఒక్కడే పిచ్చివాడు అనుకున్నాను. వాడికి ఎవరి పోలిక వచ్చిందో ఆ మెట్ల మీద తెలిసింది. ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. రాయాలని లేదు.

అఫాఫ్ చెప్పినట్టు విను. ఇంకొక్క వంతు తప్పావని వినబడితే ఆ బండిలో రొట్టెల మధ్య కూర్చుని నేనే వస్తాను.

నన్ను పూడ్చిపెట్టేవాడా, ఆరోగ్యం జాగ్రత్త.

వార్దా


ఐన్ సఫ్సాఫ్
18 జనవరి, మంగళవారం

అక్కా,

ఉపన్యాసం రాయను. రాయదలిచింది మొత్తం అబూ తోమాకి నోటితో చెప్పాను, వాడు మర్చిపోతాడు కాబట్టి మర్యాద దక్కింది. నలిగిన రొట్టెలకి బదులుగా వాడికి ఏడాది పొడుగునా క్రాఫు.

బుధవారం దిగాం. నన్ను చూడగానే రీమా చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి నెట్టుకుపోయింది. నాలుగు గంటలు చాలవని అయిదు గంటలు ఉంచారు. లేచేసరికి చీకటి, మంచు, కారులో కరెంటు లేదు. ఆ రాత్రి వార్డు బయట బెంచీల మీద పడుకున్నాం. తెల్లారి చూస్తే నా మీద ఖాకీ కోటు ఒకటి కప్పి ఉంది. షుక్రీ మొహం పక్కకి తిప్పుకుని, "గేటు దగ్గర ఎవరో వదిలేసి వెళ్ళారు" అన్నాడు. దాని జేబులో అంజూరం తొడిమలున్నాయి. గురువారం ఎండ వచ్చింది, తీగ ఇచ్చారు, సాయంత్రానికి ఎక్కాం. దారంతా అఫాఫ్ మాట్లాడింది. మూడు రోజుల బాకీ కలిపి మాట్లాడింది. బూట్లు మాత్రం మళ్ళీ కుట్టించుకోవాలి.

శుక్రవారం నీ పెట్టె వచ్చింది. బుత్రుస్ దాన్ని వెనక సీటు తీసేసి అక్కడ బిగించాడు. ఇప్పుడు మా కారులో చుట్టాలకి చోటు లేదు. కాబట్టి నువ్వు వస్తే రొట్టెల బండిలోనే రావాలి. శని, ఆదివారాల ఎండకి పెట్టెలు ముప్పావు నిండాయి, నిన్న తీగ తగిలించకుండానే ఎక్కి చూశాం. పైకి వచ్చాక ఇంకా అయిదో వంతు మిగిలింది. షుక్రీ గేటు దగ్గర చీటీ పట్టుకుని నిలబడి, "ఈవేళ తగిలించరా?" అని అడిగాడు. వాడి మొహం చిన్నబోయింది.

ఎండలు ముదిరాక నీకు నాలుగో పెట్టె తిప్పి పంపుతాడు బుత్రుస్. అప్పుడు మధ్యాహ్నం తీగ చాలు. కాదనకు, అఫాఫ్ తేల్చేసింది. ఆవిడ తేల్చాక నేనూ నువ్వూ చేసేదేమీ లేదు.

నిన్న సోమవారం. వెళ్ళాం, వచ్చాం. కారు దిగేసరికి సెలూన్ మెట్టు మీద బడిపంతులు గడ్డానికి కూర్చుని ఉన్నాడు. గీసి పంపాను.

మిత్రీ